రైల్వే రిజర్వేషన్ సర్వర్ల భద్రత

భారతీయ రైల్వేల రిజర్వేషన్ వ్యవస్థకు ఐదు డేటా కేంద్రాలు: ఢిల్లీ, కోల్‌కతా, ముంబై, చెన్నై, సికింద్రాబాద్. వీటిలోని సర్వర్లను దశాబ్దాలుగా నడిపిన ఆపరేటింగ్ సిస్టమ్ ఓపెన్‌వీఎంఎస్. బయట ఎక్కువమంది వినని పేరిది. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లలో మాత్రం దీని భద్రత మీద వాదన ఇంకా తెగలేదు.

కంప్యూటర్ రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో మొదలైంది. అప్పట్లో ఏ కేంద్రం బండ్లు ఆ కేంద్రానివే. ఈ కేంద్రాలను కలిపే 'కన్సర్ట్' సాఫ్ట్‌వేర్‌ను రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్, 1994లో మొదట సికింద్రాబాద్‌లో పెట్టింది. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి. హౌరా పక్కన, రైలు పెట్టెల కార్ఖానా ఉన్న లిలువాలో ఒక తెలుగు కుటుంబం స్వస్థలం నుంచి తిరుగు ప్రయాణానికి బెర్తు అడిగిందనుకోండి. ఆ బండి సికింద్రాబాద్ పరిధిలోదైతే కోల్‌కతా సర్వర్ సికింద్రాబాద్ సర్వర్‌ను అడిగి బెర్తు ఖాయం చేస్తుంది. ప్రయాణికుడికి ఇది సౌకర్యం. అడ్మినిస్ట్రేటర్‌కు మాత్రం కొత్త దిగులు: ఒకచోట దూరినవాడు ఇప్పుడు ఐదు చోట్లా తలుపు తట్టగలడు.

ఓపెన్‌వీఎంఎస్ మొదటి పేరు వీఎంఎస్. దాన్ని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తన వాక్స్ యంత్రాల కోసం 1977లో ప్రకటించింది. రూపకర్తల్లో ముఖ్యుడు డేవ్ కట్లర్. తర్వాత విండోస్ ఎన్టీ కూడా ఆయన చేతి మీదుగానే వచ్చింది. యూనిక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో 'రూట్' ఖాతా చేజిక్కితే సర్వం చేజిక్కినట్టే. వీఎంఎస్ ఆ అధికారాన్ని ముక్కలు చేసింది. బ్యాకప్ తీసే ఆపరేటర్‌కు ఒక హక్కు, ఖాతాలు తెరిచేవారికి ఇంకొకటి. పాస్‌వర్డ్ వరసగా తప్పు కొడితే అది దాడి అని లెక్కగట్టి, ఆ తర్వాత సరైన పాస్‌వర్డ్ కొట్టినా కాసేపు లోపలికి రానివ్వదు. దొంగకు తాను కొట్టింది ఒప్పో తప్పో తెలియనివ్వకపోవడమే ఇందులో కిటుకు.

1988 నవంబర్‌లో తనంతట తానే వ్యాపించే 'మోరిస్ వర్మ్' ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌ను కుదిపినప్పుడు యూనిక్స్ నడుస్తున్న వాక్స్ యంత్రాలు పడ్డాయి, వీఎంఎస్ నడుస్తున్నవి నిలిచాయి. వీఎంఎస్ అభిమానుల సంబరం ఏడాది కూడా నిలవలేదు. 1989 అక్టోబర్‌లో గెలీలియో అంతరిక్ష నౌక ప్రయోగం ముంగిట 'వ్యాంక్' అనే వర్మ్ నాసా వీఎంఎస్ యంత్రాల్లోకి దూరింది. అది ఆపరేటింగ్ సిస్టమ్ తాళాలేమీ పగలగొట్టలేదు. యూజర్ పేరునే పాస్‌వర్డ్‌గా పెట్టుకున్న ఖాతాలను వెతికి పట్టుకుంది.

2001లో అమెరికాలో జరిగిన డెఫ్‌కాన్ హ్యాకర్ల సమావేశంలో పోటీకి పెట్టిన ఓపెన్‌వీఎంఎస్ యంత్రం ఎవరికీ లొంగలేదు. నిజంగా గట్టిదా, లేక దాన్ని నేర్చుకున్న హ్యాకర్లే తక్కువా? రెండో మాటకు బలమిచ్చే ఆధారం 2018లో దొరికింది. కమాండ్ భాషను చదివే భాగంలో 1980ల నుంచీ ఒక లోపం ఉందని బయటపడింది. వాక్స్, ఆల్ఫా యంత్రాల మీద మామూలు ఖాతాదారు కూడా దాంతో పెద్ద హక్కులు తెచ్చుకోగలడు. మూడు దశాబ్దాలు ఎవరూ చూడలేదంటే అందులో కొంత బలం, కొంత అదృష్టం ఉన్నాయనుకోవాలి.

అడ్మినిస్ట్రేటర్ల మధ్య అసలు కొట్లాట ప్యాచ్‌ల మీద, అంటే లోపాలను పూడ్చే సవరణల మీద. వెంటనే వేయాలని ఒక పక్షం, నడుస్తున్నదాన్ని కదపొద్దని ఇంకో పక్షం. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ, పశ్చిమ బెంగాల్ విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాలూ దెబ్బతిన్నాయి. దాన్ని ఆపే విండోస్ ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. ఈ తగువుకు వీఎంఎస్ దగ్గర పాత జవాబే ఉంది. క్లస్టర్‌లో, అంటే ఒకటిగా పనిచేసే గుంపులో, ఉన్న యంత్రాలను ఒక్కొక్కటిగా దించి ప్యాచ్ వేయవచ్చు, మిగతావి టికెట్లిస్తూనే ఉంటాయి. ఈ విషయంలో ముందుచూపు దానిదే.

2002లో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ టికెట్లు మొదలుపెట్టాక పోరు వెబ్‌సైటు దగ్గరికి మారింది. 2017 డిసెంబర్‌లో తత్కాల్ టికెట్లను దొంగదారిన కొల్లగొట్టే సాఫ్ట్‌వేర్ కేసులో సీబీఐ తన సొంత అసిస్టెంట్ ప్రోగ్రామర్‌నే అరెస్టు చేసింది. అతను అంతకుముందు ఐఆర్‌సీటీసీలో పనిచేసినవాడు. ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత గట్టిదైనా, లోగుట్టు తెలిసినవాడిని ఆపలేదు.

డిజిటల్ నుంచి చేతులు మారి ఓపెన్‌వీఎంఎస్ చేరిన హెచ్‌పీ 2009లో దాని పనిని బెంగళూరుకు మార్చింది, 2013లో కొత్త యంత్రాలకు తేబోమని చెప్పేసింది. 2014లో వీఎంఎస్ సాఫ్ట్‌వేర్ ఇంక్ అనే సంస్థ బాధ్యత తీసుకుని, 2022లో దాన్ని ఎక్స్86 యంత్రాల మీదికి తెచ్చింది. ఈలోగా, 2021లో, ఓపెన్‌వీఎంఎస్ నడిచే ఐటానియం చిప్పుల సరఫరాను ఇంటెల్ ఆపేసింది. 2010లో నెలకొల్పిన ప్రస్తుత రిజర్వేషన్ వ్యవస్థ ఐటానియం సర్వర్లు, ఓపెన్‌వీఎంఎస్ మీదే నడుస్తోందని, దాని స్థానంలో క్లౌడ్‌కు అనువైన కొత్త వ్యవస్థ తెస్తున్నామని 2025లో రైల్వే మంత్రి పార్లమెంటుకు చెప్పారు.