పోర్టబుల్ టైపురైటరు

పోర్టబుల్ టైపురైటరు అనగా మూతగల పెట్టెలో పెట్టుకొని ఒక చేత్తో మోసుకుపోవుటకు వీలుగా తయారు చేయబడిన చిన్న టైపు యంత్రము. కార్యాలయాలలో బల్లపై స్థిరంగా ఉండే పెద్ద యంత్రాన్ని స్టాండర్డు టైపురైటరు అంటారు. విలేఖరులు, రచయితలు, వ్యాపార ప్రతినిధులు ప్రయాణాలలో పోర్టబుల్ యంత్రాలను ఎక్కువగా వాడేవారు. ఆంగ్లానికి చక్కగా అమరిన ఈ చిన్న యంత్రము తెలుగు లిపికి మాత్రం చాలా ఇరుకైనది.

చరిత్ర

రెమింగ్టన్ సంస్థ 1874లో మొదటి టైపురైటర్లను విక్రయించింది. అవి బరువైనవి. 1893లో చికాగో ప్రదర్శనలో కనిపించిన బ్లికెన్స్‌డర్ఫర్ యంత్రంలో విడివిడి కడ్డీలకు బదులు అక్షరాలన్నీ ఒకే చక్రంపై ఉండుటచేత భాగాలు, బరువు తగ్గాయి. అసలైన మార్పు 1912లో వచ్చిన కరోనా 3 తో జరిగింది. దీని క్యారేజిని ముందుకు మడిచి మీటలపై వాల్చవచ్చు. బరువు సుమారు 2.7 కిలోలు. ఇందులో మూడు వరుసలలో 28 మీటలే ఉన్నా, రెండు షిఫ్టు మీటల సాయంతో ఒక్కో మీట మూడేసి గుర్తులను ముద్రించేది. మొత్తం 84 గుర్తులు. అమెరికా రచయిత హెమింగ్వే వాడిన యంత్రాలలో ఇదొకటి.

1920లో రెమింగ్టన్ నాలుగు వరుసల మీటలతో పోర్టబుల్‌ను తెచ్చింది. అప్పటినుండి పెద్ద యంత్రంపై నేర్చినవారు చిన్నదానిపై మళ్ళీ నేర్వనవసరం లేకపోయింది. 1935 నాటి స్విట్జర్లాండు హెర్మెస్ బేబీ, 1950లో మార్చెల్లో నిజ్జోలి రూపకల్పన చేసిన ఇటలీ ఒలివెట్టి లెత్తెరా 22 తర్వాతి ప్రసిద్ధ నమూనాలు.

ప్రచార బిళ్ళలు

టైపురైటరు కంపెనీలు తమ పేరుతో చొక్కాకు గుచ్చుకొనే బిళ్ళలను పంచేవి. కాగితపు బొమ్మపై పారదర్శకమైన సెల్యులాయిడ్ పొరను పరచి లోహపు అంచుతో బిగించే పద్ధతికి అమెరికాలోని వైట్‌హెడ్ అండ్ హోగ్ సంస్థ 1896లో పేటెంటు పొందింది. బిళ్ళ వెనుక అంటించిన కాగితంపై ఈ సంవత్సరం ఉంటుంది. దానినే తయారీ సంవత్సరంగా భావించుట పొరపాటు. కరోనా 3 పేరుగల బిళ్ళపై 1896 అని ఉన్నా అది 1912కు ముందుది కాజాలదు. కంపెనీ పేరు కూడా కాలనిర్ణయానికి ఉపకరిస్తుంది: స్టాండర్డ్ టైపురైటర్ కంపెనీ 1914లో కరోనా టైపురైటర్ కంపెనీగా మారి, 1926లో ఎల్.సి. స్మిత్ సంస్థతో విలీనమైంది.

భారతదేశంలో

1955లో గోద్రెజ్ సంస్థ దేశీయ టైపురైటరును తయారు చేసింది. నెల్లూరుకు దక్షిణాన సుమారు 175 కి.మీ. దూరంలోని మద్రాసులో రాయల కార్పొరేషన్ స్వీడన్‌కు చెందిన హాల్డా టైపురైటర్లను తయారు చేసేది. గోద్రెజ్ 2009లో ఉత్పత్తిని నిలిపివేసింది. 2011లో ప్రపంచపు చివరి టైపురైటరు కర్మాగారం మూతపడిందని పత్రికలు వ్రాశాయి గాని, అది నిజం కాదు.

తెలుగు లిపి సమస్య

నాలుగు వరుసల యంత్రంలో సాధారణంగా 42 నుండి 46 మీటలుంటాయి. మీటకు రెండు చొప్పున 92 గుర్తులకు మించవు. తెలుగులో అచ్చులు, హల్లులు కలిపి యాభైకి పైగా ఉండగా, ఒత్తులు, గుణింతపు గుర్తులు, అంకెలు, విరామ చిహ్నాలు అదనం. అందుచేత కొన్ని అక్షరాలను ముక్కలుగా కొట్టి కలపవలసి వచ్చింది. కొన్ని గుర్తులకు క్యారేజి కదలని మీటలను కేటాయించారు. అటువంటి మీటను నొక్కితే గుర్తు పడుతుంది గాని కాగితం జరగదు, తరువాతి అక్షరం అదే చోట పడుతుంది. పైగా ప్రతి అక్షరానికి ఒకే వెడల్పు. 'ర'కు, 'ఘ'కు సమానమైన చోటు ఇచ్చుటచేత టైపు చేసిన తెలుగు పుటకు అచ్చు పుస్తకపు అందం రాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. వావిలాల గోపాలకృష్ణయ్య మొదటి అధ్యక్షునిగా అధికార భాషా సంఘం 1974లో ఏర్పడింది. తెలుగులో పాలన జరగాలంటే ప్రతి కార్యాలయంలో తెలుగు యంత్రము, దానిపై కొట్టగల ఉద్యోగి ఉండాలి. తెలుగు టైపు లోయరు, హయ్యరు పరీక్షలకు విలువ రావడానికి ప్రధాన కారణం ఇదే. నెల్లూరు, కావలి వంటి పట్టణాల యువతకు టైపు పరీక్ష ప్రభుత్వోద్యోగానికి ఒక దారి. 1980లలో వచ్చిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఒత్తును కంప్యూటరే కూర్చుతుంది కనుక ఒత్తులకు వేరు మీటలు అక్కరలేకపోయాయి.

తీర ప్రాంతంలో సంరక్షణ

నెల్లూరు తీరంలోని ఉప్పుగాలికి, అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య ఋతుపవనాల తేమకు ఉక్కు భాగాలు త్వరగా తుప్పు పడతాయి. వేసవి ఎండకు రబ్బరు రోలరు గట్టిపడి అక్షరాలు సరిగా పడవు. పాత యంత్రం దొరికినవారు తరచుగా చేసే తప్పు, అక్షరపు కడ్డీలు కదిలే గాళ్ళలో నూనె పోయుట. ఆ నూనెకు దుమ్ము అంటి జిగురై కడ్డీలు ఇరుక్కుంటాయి. గాళ్ళను స్పిరిటుతో తుడిచి పొడిగా ఉంచాలి. క్యారేజి పట్టాలకు మాత్రం పలుచని నూనె కొద్దిగా రాయవచ్చును.