రఫ్తార్‌కు లగాం



మే నెల. జొహర్ నమాజ్ చదివి వచ్చి నడుం వాల్చానో లేదో, లోపలి గదిలోంచి మా పెద్దోడు కేకేశాడు. "అబ్బా, మళ్లీ బంద్ అయిపోయింది!"

బంద్ అయింది కంప్యూటర్. తొమ్మిదేళ్ల కిందట వాడి మామూ కొనిచ్చిన గేమింగ్ కంప్యూటర్. వాడికది షౌక్. మా బేటీకి మాత్రం అదే కాలేజీ. డిగ్రీ ఆన్‌లైన్ క్లాసులు, ప్రాజెక్టు రాతలు, పరీక్ష ఫారాలు అన్నీ దాని మీదే. అందుకే అది ఆగిందంటే ఇంట్లో రెండు మొహాలు వాడిపోతాయి.

"కొత్త కార్డు కొనాలబ్బా. ఇది ముసలిదైపోయింది" అన్నాడు వాడు.

కొత్త గ్రాఫిక్స్ కార్డంటే మా ఇంటి రెండు నెలల ఖర్చు. సరే, ఏం జరుగుతోందో చూద్దామని పక్కన కూర్చున్నాను. మళ్లీ ఆన్ చేశాడు. ఆట తెరిచి, మొదటి మెనూ దగ్గరే వదిలేసి నీళ్లు తాగడానికి వెళ్లాడు. తెర మీద ఒక బొమ్మ, నాలుగు బటన్లు, అంతే. అయినా లోపల ఫ్యాన్లు పిండిమరలా హోరెత్తాయి. వేడి చూపించే సాఫ్ట్‌వేర్‌లో అంకె 83 డిగ్రీలకు చేరింది.

ఏ పనీ లేని చోట ఇంత మెహనత్ ఎందుకు? ఈ సవాల్‌కు జవాబు వెతుకుతూ పోతే ఒక తవారీఖే దొరికింది. మీతో పంచుకుంటాను.

ముందు ఒక్క మాట. తెర మీద కదిలే బొమ్మ నిజానికి కదలదు. ఒకదాని వెనక ఒకటిగా గీసిన బొమ్మల వరస అది. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. సెకనుకు ఎన్ని ఫ్రేములు గీస్తే అది ఫ్రేమ్ రేట్. మన ఇళ్లలోని మామూలు తెరలు సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తాయి. గీసే పని కార్డుది, చూపించే పని తెరది. ఈ రెండింటి రఫ్తార్ ఒకటి కాకపోవడంలోనే మన కథంతా ఉంది.

మొదటి జమానాలో ఆటను హద్దులో ఉంచింది మెషీన్ బలహీనతే. 1978లో జపాన్‌లో తొమొహిరో నిషికాదో తయారు చేసిన స్పేస్ ఇన్వేడర్స్ ఆట గుర్తుందా? 55 మంది రాక్షసులు వరసల్లో దిగి వస్తుంటారు. అందులోని ప్రాసెసర్‌కు అందరినీ ఒకేసారి కదిలించే తాకత్ లేదు. వంతులవారీగా కదిలించేది. మనం కాల్చేకొద్దీ వాళ్ల సంఖ్య తగ్గుతుంది, వంతు తొందరగా వస్తుంది, మిగిలినవాళ్లు వేగంగా వస్తారు. ఆటలోని ఆ ఉత్కంఠంతా మెషీన్ మీది బోజా తగ్గడం వల్ల పుట్టింది. నిషికాదో దాన్ని సరిదిద్దకుండా ఆటలో భాగంగా ఉంచేశాడు.

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. దాని ప్రాసెసర్ వేగం 4.77 మెగాహెర్ట్జ్. చాలామంది ప్రోగ్రామర్లు తమ ఆటలను ఆ వేగానికే కొలిచి కుట్టారు. "ఇన్ని లెక్కలు చేసేసరికి ఇంత సమయం పడుతుంది" అని నమ్మి, ఆట నడకను ఆ నమ్మకం మీద నిలబెట్టారు. 1984లో ఇంకా వేగమైన పీసీ ఏటీ రాగానే ఆ కుట్లు తెగాయి. అవే ఆటలు గుర్రం తాడు తెంచుకున్నట్టు పరుగెత్తాయి. మనిషి వేలు కదిపేలోపే ఆట ఖతం.

దానికి అప్పటి కారీగర్లు చేసిన ఇలాజ్ కంప్యూటర్ డబ్బా ముందు ఒక బటన్. దాని మీద టర్బో అని రాసి ఉండేది. పేరు చూస్తే వేగం పెంచేదిలా ఉంటుంది. అసలు దాన్ని పెట్టిందే వేగం తగ్గించుకోవడానికి. పాత ఆట ఆడాలంటే టర్బో తీసేసి, మెషీన్‌ను పాత పీసీ నడకకు దగ్గరగా దించేవాళ్లు. అమ్మకం కోసం పెట్టిన పేరుకూ చేసే పనికీ తేడా చూశారా!

1993 డిసెంబర్‌లో ఐడి సాఫ్ట్‌వేర్ వాళ్ల డూమ్ వచ్చింది. అది సెకనుకు 35 ఫ్రేములు దాటదు. ఎంత మంచి కంప్యూటర్ పెట్టినా 35 మాత్రమే. ఆ కాలం వీజీఏ తెర ఆ ఆట నడిచే మోడ్‌లో సెకనుకు 70 సార్లు మారేది. 35 అంటే సరిగ్గా సగం. తెర రెండు సార్లు మారితే ఆట ఒక అడుగు వేస్తుంది. ఆ హద్దును ఎవరూ లోపం అనుకోలేదు. అది హిసాబ్. ఈ సగం లెక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఆ తర్వాత జమానా మారింది. 1996లో క్వేక్, అదే సంవత్సరం త్రీడీఎఫ్‌ఎక్స్ వూడూ కార్డు. బొమ్మలు గీయడానికే ప్రత్యేకంగా చిప్పులు. ఏ కార్డు గొప్పదో తేల్చడానికి టైమ్‌డెమో నడిపేవాళ్లు. అంటే హద్దులన్నీ తీసేసి, ఎన్ని ఫ్రేములు వస్తాయో కొలవడం. పత్రికల్లో ఆ అంకెలతో పొడుగు పట్టీలు. ఎవరి పట్టీ పొడుగైతే వాళ్ల కార్డు అమ్ముడుపోతుంది. దుకాణం తరాజులోని అంకె మెల్లగా ఇంట్లో ఆడుకునేవాడి గర్వమైపోయింది. కార్డును తెర వంతు కోసం ఆగేలా చేసే వీ-సింక్ అనే ఏర్పాటు ఉన్నా, దాన్ని తీసేయడమే హునర్ అనుకున్నారు. అది ఉంటే మౌస్ కదిపినదానికీ తెర కదిలినదానికీ మధ్య కొంచెం ఆలస్యం వస్తుంది. పోటీ ఆటల్లో ఆ ఫిర్యాదు నిజమే.

ఇంతవరకు వేడి గురించి మాట్లాడలేదు. ఎందుకంటే అప్పటిదాకా వేడి పెద్ద మసలా కాదు. 1974లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెనార్డ్, ఆయన సాథీలు ఒక ఉసూల్ చెప్పారు. ట్రాన్సిస్టర్లను చిన్నవి చేసేకొద్దీ వోల్టేజీని కూడా దించవచ్చు, కాబట్టి అంతే జాగాలో ఎక్కువ ట్రాన్సిస్టర్లు పట్టినా వేడి పెరగదు అని. మూడు దశాబ్దాలు పరిశ్రమ ఆ నీడలో బతికింది. 2004 ప్రాంతానికి ఆ నీడ తొలగింది. వోల్టేజీ ఇంక దిగనంటోంది. ఆ ఏడాది వచ్చిన పెంటియం 4 ప్రెస్కాట్ దాని వేడికే పేరుమోసింది. దాని తర్వాత రావలసిన తేజస్ అనే చిప్‌ను ఇంటెల్ అదే ఏడాది మానుకుంది. అప్పటినుంచి రఫ్తార్‌కు కీమత్ వేడి రూపంలో కట్టాల్సిందే.

ఆ కీమత్ మామూలు ఇళ్లకు తెలిసొచ్చిన సందర్భం 2010 జులైలో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ 2. ఆ ఆటలో కొన్ని సాదా తెరలు ఉన్నాయి. మెనూలాంటివి. గీయడానికి పని తక్కువ, హద్దు మాత్రం లేదు. పని తక్కువ కాబట్టి కార్డు సెకనుకు వందల ఫ్రేములు గీసేసేది. గాలి సరిగా ఆడని కంప్యూటర్లు ఉడికిపోయాయి. కొన్ని తెరల దగ్గర కార్డు పూర్తి వేగంతో గీస్తోందని బ్లిజార్డ్ కంపెనీ ఒప్పుకుని, సెట్టింగుల ఫైలులో రెండు వరసలు చేర్చుకోమంది. ఆటకు 60, మెనూలకు 30. రెండు అంకెలు, అంతే ఇలాజ్.

ఇది చదివినప్పుడు మా ఇంటి మెనూ తెర నా కళ్లముందు మెదిలింది. పని తేలికైతే మెషీన్ విశ్రాంతి తీసుకుంటుందని మనం అనుకుంటాం. హద్దు లేని మెషీన్ అలా చేయదు. తేలిక పనిని ఇంకా ఎక్కువసార్లు చేస్తుంది. 60 చూపించే తెరకు 400 గీసి ఇస్తే, మిగతా 340లో ఏ ఒక్కటీ పూర్తి బొమ్మగా మన కంటికి చేరదు. కరెంటు బిల్లులోకి, గది వేడిలోకి పోతుంది. మన భాషలో దీన్ని ఇస్రాఫ్ అంటారు.

పదకొండేళ్ల తర్వాత అదే సబక్ మళ్లీ. 2021 జులైలో న్యూ వరల్డ్ అనే ఆటను పరీక్షకు వదిలారు. చాలా ఖరీదైన కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు చచ్చిపోయాయి. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, చచ్చిన కార్డులు తయారు చేసిన ఒక కంపెనీయే కొన్నింటిలో టంకం సరిగా లేదని తర్వాత చెప్పింది. నేరమంతా ఆటది కాదు. అయినా ఆట వాళ్లు మొదట చేసిన పని ఏమిటంటే, మెనూ తెరకు ఫ్రేమ్ హద్దు పెట్టడం.

ఈ మధ్యలో లగాం చేసే కారీగర్లూ వచ్చారు. రివాట్యూనర్ స్టాటిస్టిక్స్ సర్వర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఏ ఆటకైనా హద్దు కట్టవచ్చు. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిలవడానికి 2014లో ఎన్‌విడియా ఇదే కిటుకు వాడింది. ఏఎండీ 2016లో రేడియాన్ చిల్ తెచ్చింది. ఆటలో మనం కదలకపోతే ఫ్రేములు తగ్గిస్తుంది, కదిలితే పెంచుతుంది. 2020 జనవరిలో ఎన్‌విడియా తన డ్రైవర్‌లోనే గరిష్ఠ ఫ్రేమ్ రేట్ అనే గడి పెట్టింది. పట్టీల పొడుగు చూపించి అమ్మినవాళ్లే చివరికి కళ్లెం కూడా చేతికిచ్చారు.

హద్దు పెడితే వేడి ఎలా తగ్గుతుంది? ఒక ఫ్రేమ్ గీసి, తర్వాతి వంతు వచ్చేదాకా కార్డు ఆగుతుంది. అలా ఖాళీ దొరికేసరికి అది తన వేగాన్నీ, దాంతోపాటు వోల్టేజీనీ దించుకుంటుంది. చిప్ తినే కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే, ఆ ఒక్క కారణంతోనే ఖర్చు సుమారు అయిదో వంతు తగ్గుతుంది. మన ఎండల్లో ఇది ఇంకా ముఖ్యం. ఫ్యాన్ ఎంత తిరిగినా కార్డును గది గాలికంటే చల్లగా చేయలేదు. గదే 40 డిగ్రీలుంటే, తప్పించుకోవడానికి వేడికి దారి ఇరుకైపోతుంది.

కొందరు అనుకోవచ్చు, మెషీన్‌కు హద్దు ఈ కంప్యూటర్ కాలపు ఆలోచన అని. తొమ్మిదో శతాబ్దపు బగ్దాద్‌లో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములు ముహమ్మద్, అహ్మద్, హసన్ కితాబుల్ హియల్ అనే గ్రంథం రాశారు. సుమారు వంద యంత్రాలు అందులో ఉన్నాయి. తనకు కావలసిన నూనె తానే అందించుకునే దీపం వాటిలో ఒకటి. నూనె వరదలా పారితే దీపం ఆరుతుంది, రాకపోయినా ఆరుతుంది. ఎంత కావాలో అంతే రావడం ఆ అన్నదమ్ముల హునర్. ఫ్రేమ్ హద్దు కూడా ఆ ఖాందాన్‌దే అని నాకనిపిస్తుంది.

ఇక మా ఇంటి సంగతి. ముందు డబ్బా విప్పి దుమ్ము దులిపాం. నాలుగు డిగ్రీలు తగ్గింది. తర్వాత హద్దు సంగతి ఎత్తాను. వాడికి నచ్చలేదు.

"నా దోస్తులకు 144 వస్తుందబ్బా. మనదాన్ని కట్టేస్తే ఇంకేముంది?"

"మన తెర ఎంత చూపిస్తుంది బేటా?"

కాసేపు ఆగి "60" అన్నాడు.

"వుజూకు కూర్చుని నల్లా పూర్తిగా తిప్పేస్తే మీ దాదీ ఏమనేది?"

నవ్వేశాడు. దాదీ ఏమనేదో ఇద్దరికీ గుర్తే.

హద్దు 60 పెట్టాం. మెనూ దగ్గర 83 ఉన్నది 61కి దిగింది. బరువైన ఒక ఆటలో మాత్రం తేడా రాలేదు. ఎందుకంటే మా కార్డు అందులో 60 అందుకోలేక ముందునుంచే ఆయాసపడుతోంది. అందుకోలేని హద్దు హద్దే కాదు. అక్కడ 45 పెడదామన్నాడు వాడు. డూమ్ లెక్క చెప్పాను. 45 తెర వంతుల్లో సమంగా కూర్చోదు, నడక తడబడుతుంది. 60లో సగం 30. దానికి దించాం. ఆట నింపాదిగా నడిచింది, 84 నుంచి 71కి వచ్చింది. పోటీ ఆటలకు 30 పనికిరాదు, అది నేనూ ఒప్పుకుంటాను. ఈ కథల ఆటకు చాలు.

ఈ ముసలి మెషీన్ ఎప్పటికీ ఉంటుందని చెప్పను. ఇన్షా అల్లాహ్ మా బేటీ ఆఖరి సెమిస్టర్ దాటిస్తే చాలు. నిన్న మగ్రిబ్ తర్వాత అది తన ప్రాజెక్టు రాసుకుంటుంటే గదిలోకి వెళ్లాను. ఫ్యాన్ చప్పుడు వినబడలేదు. బంద్ అయిందేమో అని ఒక్క క్షణం భయపడ్డాను. నడుస్తూనే ఉంది.

మీ ఇంట్లోనూ అలాంటి పాత డబ్బా ఉంటే, దుకాణానికి వెళ్లేముందు ఒకసారి దాని హద్దు చూడండి.