తిరిగి వాడరాని సిరంజి

పూర్వము గాజు సిరంజిని మరిగించి మరల మరల వాడెడివారు. 1956లో న్యూజీలాండు దేశస్థుడు కాలిన్ మర్డాక్ ఒక్కమారు వాడి పారవేయదగు ప్లాస్టిక్ సిరంజికి పేటెంటు పొందెను. కాని పారవేసినదానిని ఏరి, కడిగి, క్రొత్త పొట్లములో పెట్టి అమ్మినచో గుర్తించుట ఎట్లు?

2009లో గుజరాతులోని మొడాసా ప్రాంతమున వాడిన సిరంజిలనే తిరిగి వాడుటచే, కాలేయమును దెబ్బతీయు హెపటైటిస్-బి ప్రబలి పలువురు మరణించిరి.

పొట్లముపై ముద్రను మోసగాండ్రు అనుకరింపగలరు. కావున రక్షణ సిరంజిలోపలనే ఉండవలెను. ఒక రకములో లోహపు క్లిప్పు పిస్టనును ఒక్కమారే ముందుకు పోనిచ్చును. పిమ్మట వెనుకకు రానీయదు. టీకాలకు ఇట్టి స్వయంనిరోధక సిరంజిలనే వాడవలెనని 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ మున్నగునవి కోరినవి. బిగిసిపోయిన సిరంజిని ఎంత కడిగినను పనిచేయదు. దానికి దొంగబజారులో వెల లేదు.