ధవళేశ్వరం కాటన్ మ్యూజియం: చిత్రపటాలలో చేరని చరిత్ర

రాజమహేంద్రవరానికి దిగువన గోదావరి ఎడమ గట్టున ధవళేశ్వరం ఉన్నది. పైనుంచి ఒక్కటిగా వచ్చిన నది సముద్రాభిముఖంగా పాయలు చీలే చోటు ఇదే. ఆనకట్ట కాలపు స్మృతులు నిండిన ఒక పాత భవనంలో ఇక్కడ సర్ ఆర్థర్ కాటన్ మ్యూజియం నెలకొన్నది. మహానగరాల మ్యూజియంల వైభవం దీనికి లేదు. సుమారు నూరు చిత్రపటాలు, 1847-1852 మధ్య ఆనకట్ట నిర్మాణంలో వినియోగించిన పదిహేను యంత్ర పరికరాలు ఇందులోని ముఖ్య సంపద. గంటసేపట్లో చూడడం పూర్తవుతుంది. కాని ఒక విదేశీ పాలన ఒక నదీ ప్రాంతపు బ్రతుకును ఎట్లా మార్చివేసిందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన పాఠశాల తెలుగునాట అరుదు.

ఆ పరికరాల విలువ అర్థం కావాలంటే అవి రాక పూర్వం గోదావరి మండలం ఏ స్థితిలో ఉన్నదో గుర్తు చేసుకోవాలి. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో వచ్చిన కరువు కోస్తా జిల్లాలను కుదిపివేసింది. 1839లో కోరంగి తీరాన్ని పెను తుఫాను ముంచెత్తింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న రాజమహేంద్రవరం జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయిందని నాటి లెక్కలు చెబుతున్నవి. పక్కనే మహానది పారుతున్నా పైరుకు నీరు లేదు. వరద వచ్చిన ఏడు ఆ నీరే పైరును తుడిచిపెట్టేది. పడిపోతున్న శిస్తు వసూళ్లు మద్రాసు ప్రభుత్వాన్ని కలవరపరచినవి. జిల్లా స్థితిగతులను విచారించిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844లో సమర్పించిన నివేదికలో నీటి పనుల ఆవశ్యకతను నొక్కి చెప్పాడు.

ఆ తరుణంలో రంగప్రవేశం చేసినవాడు మద్రాసు ఇంజనీరు ఆర్థర్ కాటన్. 1803లో జన్మించిన ఇతడు అప్పటికే తంజావూరు ప్రాంతంలో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టి అనుభవం గడించాడు. ఇసుక నేలలో పునాది నిలపడం ఎట్లాగన్న చిక్కుకు అతనికి సమాధానం దొరికినది ఐరోపా గ్రంథాలలో కాదు, కావేరి మీది కల్లణైలో. కరికాల చోళునికి ఆపాదించే ఆ ప్రాచీన కట్టడంలో రాళ్లను ఇసుకలోకి దిగవేస్తూ, అవి కుదురుకునేదాకా మళ్లీ మళ్లీ పేర్చి, గట్టిపడిన ఆ పునాది మీద పైకట్టును లేపారు. ఈ విద్యను స్వదేశీ నిర్మాతల నుంచి తాము నేర్చుకున్నామని కాటన్ దాచుకోలేదు. ఆనకట్టను వలస పాలకులు మోసుకువచ్చిన విజ్ఞానంగా మాత్రమే చూసేవారు గమనించవలసిన అంశమిది.

1846లో అనుమతి లభించింది. 1847లో పని మొదలైంది. నది మధ్య లంకలను ఆధారం చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్టను నిర్మించారు. అన్నీ కలిపి కట్టుబడి రెండు మైళ్లకు పైబడి సాగింది. ధవళేశ్వరం కొండను తొలిచి తీసిన రాతిని ఇనుప పట్టాల మీద నడిచే బండ్లలో రేవుకు చేర్చి, అక్కడి నుంచి పడవలలో తరలించారు. భారతదేశంలో ప్రయాణికుల రైలు 1853లో మొదలైనదన్న సంగతి అందరికీ తెలిసినదే. అంతకు ముందే గోదావరి గట్టున రాతి బండ్లు పట్టాల మీద నడిచినవన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

1848లో అనారోగ్యం వల్ల కాటన్ సెలవుపై విదేశం వెళ్లవలసి వచ్చింది. అతడు తిరిగివచ్చేదాకా భారం వహించినవాడు కెప్టెన్ ఓర్. కాటన్‌కు కుడిభుజంగా నిలిచి, రాయ్ బహదూర్ బిరుదు పొందిన తెలుగువాడు వీణం వీరన్న. వీరందరి వెనుక దాదాపు పదివేల మంది శ్రామికులు ఉన్నారు. రాయి కొట్టినవారు, మోసినవారు, సున్నం కలిపినవారు, వరద ముంచుకు వచ్చే లోపల పని తెమల్చడానికి వేసవి ఎండలో ఇసుక మేటల మీద నిలిచినవారు వీరు. మ్యూజియం గోడల మీద వీరి పేర్లు లేవు. నాటి దొరతనం ఖర్చును అణాపైసలతో లెక్కించింది. ఆ ఖర్చును చెమటగా మార్చినవారిని మాత్రం సంఖ్యగానే మిగిల్చింది.

కంపెనీ ఉద్దేశం పరోపకారం కాదన్నది నిర్వివాదం. నీరు పారితే శిస్తు పెరుగుతుంది. కాలువలలో పడవలు తిరిగితే సరకు రేవుకు చేరుతుంది. ఈ వాదాన్నే కాటన్ తన నివేదికలలో అధికారుల ముందు పెట్టాడు. లాభం చూపనిదే లండన్ డైరెక్టర్లు డబ్బు విదల్చరని అతనికి తెలుసు. అయినా కరువు కాలంలో ప్రజల ప్రాణాలు కాపాడడం ప్రభుత్వపు విధి అన్న మాటను అతడు జీవితాంతం విడువలేదు. మద్రాసు రాష్ట్రాన్ని 1876-78 నాటి మహాక్షామం పీడిస్తున్న రోజులలో రైళ్ల కంటె నీటి పనులే మిన్న అని వాదించి పాలకవర్గాల విమర్శకు గురయ్యాడు. 1878లో పార్లమెంటు సంఘం ఎదుట ఈ విషయమై సాక్ష్యమిచ్చాడు. 1899లో మరణించేదాకా ఆ అభిప్రాయం మారలేదు.

ఫలితం ఎవరూ కాదనలేనిది. 1852లో ఆనకట్ట పూర్తి అయింది. అదే కాలంలో హేగ్ పర్యవేక్షణలో గన్నవరం వద్ద నలభై తొమ్మిది కమానుల అక్విడక్టు లేచి, గోదావరి నీటిని పాయ దాటించి కోనసీమలోని నగరం లంకకు చేర్చింది. ఒక తరం గడిచేసరికి కరువు సీమ వరిసీమ అయింది. ఆనకట్ట పని సాగుతున్న 1848లోనే రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జన్మించాడు. ఆ తరం నుంచి గోదావరి తీరాన వికసించిన విద్య, పత్రికలు, సంస్కరణోద్యమం కాలువ నీటి వల్ల కలిగిన కలిమితో సంబంధం లేనివి కావు. అయితే ఆ కలిమి అందరికీ సమంగా దక్కలేదు. మాగాణి భూమి ఉన్నవారు సంపన్నులైనారు. భూమి లేని పాలేరుకు దక్కినది కూలి మాత్రమే. కాలువ ఎక్కని మెట్ట, మన్యం ప్రాంతాలు వెనుకబడిపోయినవి.

పాత ఆనకట్ట స్థానాన్ని 1982లో పూర్తి అయిన బ్యారేజి ఆక్రమించింది. సుమారు పది లక్షల ఎకరాలకు నీరందించే ఆ కట్టడానికి స్వతంత్ర భారత ప్రభుత్వమే కాటన్ పేరు పెట్టింది. పరపాలకుల విగ్రహాలు ఎన్నో చోట్ల తొలగిపోయినవి. గోదావరి మండలంలో మాత్రం కాటన్ విగ్రహాలు ఊరూరా వెలసినవి. స్నాన సంకల్పంలో అతని పేరు తలచుకొనే అర్చకులూ ఉన్నారు. ఈ కృతజ్ఞతను దాస్యబుద్ధి అని కొట్టివేయడం తగదు. రైతు నమస్కరించినది సామ్రాజ్యానికి కాదు, తన చేనికి వచ్చిన నీటికి.

అయితే కృతజ్ఞత వేరు, చరిత్ర వేరు. మ్యూజియం రెండింటికీ చోటివ్వవలసి ఉంటుంది. ధవళేశ్వరంలోని పదిహేను పరికరాలు ఎవరి చేతులలో అరిగినవో చెప్పే ఒక్క ఫలకం చాలు, ఆ గదుల అర్థం మారుతుంది. కల్లణై నమూనా ఒకటి, వీరన్న సేవలను వివరించే పటమొకటి, కూలివారి వలసలను, వేతనాలను ప్రాచీన దస్తావేజుల నుంచి తీసి చూపే అర ఒకటి చేరిస్తే కాటన్ కీర్తికి వచ్చే లోటు ఏమీ ఉండదు. పైగా, తాను స్వదేశీ నిర్మాతల నుంచి నేర్చుకున్నానని ఒప్పుకున్న ఇంజనీరుకు అంతకు మించిన గౌరవం మరొకటి ఉండబోదు. ఆ పని జరిగిననాడు పాఠశాల పిల్లలు అక్కడ ఒక దొర కథతో పాటు తమ ముత్తాతల కథను కూడా చదువుకుంటారు.