ఇంటి రికార్డింగ్

స్టూడియోకు వెళ్లకుండా నివాస గదిలోనే పాటను, వాద్యాన్ని ధ్వనిముద్రణ చేసుకోవడం. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు నిద్ర చెడకుండా చూడటం ఇందులో ముఖ్యం.

నియమం: శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్లు.

వాద్యాలు: పాలమూరు 12 మెట్ల కిన్నెర డప్పంత బిగ్గరగా మోగదు. దాని ఎండు సొరకాయ బుర్రలకు దగ్గరగా మైకు పెడితే గదిలోనే చక్కగా పలుకుతుంది. ఈ వాద్యానికి పేరు తెచ్చిన నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. డప్పు దెబ్బ మాత్రం గోడలు దాటుతుంది. దాన్ని పగటిపూట, పొలం దగ్గరో ఖాళీ హాల్లోనో రికార్డు చేయడం మేలు. కీబోర్డును కేబుల్‌తో నేరుగా కంప్యూటర్‌కు కలిపి, హెడ్‌ఫోన్లలో వింటే బయటికి చప్పుడే రాదు.

పద్ధతి: బొంతలు, పరుపులు గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, పక్కింటికి పోయే శబ్దాన్ని పెద్దగా ఆపలేవు. దాన్ని ఆపేవి బరువైన గోడ, సందులేని తలుపు. తలుపు కింది సందులో తువ్వాలు చుట్టి పెట్టి, పాడేవారి వెనుక బొంత వేలాడదీసి, ఫ్యాను ఆపితే గొంతు స్పష్టంగా నమోదవుతుంది.