చెరువునకు ఏడవ దోషము



మన పూర్వులు పుత్రునితోపాటు చెరువును గూడ సప్తసంతానములలో నొకటిగా నెన్నిరి. సంతానమనగా కని విడువదగినది గాదు, పెంచి కాపాడవలసినది. ఈ భావమును నేడొక శాసనము నాధారముగా జేసికొని విచారింతము.

కడప సీమలో పోరుమామిళ్ల యను నూరు గలదు. అచ్చటి పెద్దచెరువును మొదటి బుక్కరాయల కుమారుడును, ఉదయగిరి పాలకుడును నగు భాస్కరుడు కట్టించెను. ఈతనికే భవదూరుడని మరియొక పేరు. శాలివాహన శకము 1291, అనగా క్రీ. శ. 1369 నాటి సంస్కృత శాసన మీ వృత్తాంతమును దెలుపుచున్నది. దినదినము 1000 మంది కూలీలు పనిచేసిరి. రాతిపనికై 100 బండ్లు నడచినవి. పని ముగియుటకు రెండేండ్లు పట్టెను.

ఆ శాసనమున చెరువునకు 12 అంగములును, 6 దోషములును జెప్పబడినవి. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రజ్ఞుడు, గట్టినేల, కొండల నడుమ నిడివి మితమై బలముగల రాతికట్ట, నేర్పరులైన పనివారు మున్నగునవి యంగములు. కట్టనుండి నీరూరుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేర, చెరువు నడుమ మెరక, నీరు తక్కువయై సాగునేల హెచ్చగుట, చోటు తక్కువయై నీరు హెచ్చగుట యనునవి దోషములు.

ఇవి యన్నియు కట్టువాడు చూచుకొనవలసినవి. కట్టిన పిదప కాపాడువా రెవరు? పూర్వము చెరువు మరమ్మతులకై దశబంధ మాన్యము లిచ్చెడివారు. అయినను మాన్యమొక్కటియే చాలదు, ఊరంతయు కదలవలెను. నా బాల్యమున మా యూర వేసవి వచ్చినచో ఇంటింటి బండియు చెరువులోనికి దిగెడిది. పూడికమన్ను పొలమునకు బలము, తీసినచోటు చెరువునకు లోతు. పడుచువారు కంప నరికెడివారు. పిల్లలు కట్టమీది బొరియలను జూచి పెద్దలకు జెప్పెడివారు. వరదనీరు తెచ్చు కాలువ హద్దులను వృద్ధులు చూపెడివారు.

పిమ్మట బోరుబావులు వచ్చినవి; చెరువుపై చూపు తగ్గినది. కొందరా కాలువను ఏటికొక చాలు చొప్పున దున్ని తమ పొలములలో గలుపుకొనిరి. నేను బడిలో పోరుమామిళ్ల శాసనమును పాఠము చెప్పుచు, ఆ గట్టుమీదుగనే నిత్యము నడచుచు, నోరు మెదపనైతిని. దున్నినవారు నాకు కావలసినవారు! తుదకొక యేడు మంచి వాన కురిసెను. చెరువు సగమైనను నిండలేదు. నీరు దారిగానక పల్లపువీధి యిండ్లలో జొచ్చెను.

ఆ రాత్రి పిల్లలను భుజములపై నెత్తుకొని గట్టునకు వచ్చినవారిలో నా శిష్యులుండిరి. శాసనకర్త యారు దోషములనే చెప్పెను. ఏడవదానిని నేను చేర్చుచున్నాను: ఎరిగినవాడు మౌనము వహించుట.

ఆలస్యముగానైనను గ్రామసభలో నిలిచి నేను చూచిన హద్దులను జెప్పితిని. కొందరు నాతో మాటలాడుట మానిరి. కాని కాలువలో సగము మరల దెరువబడినది.

అయ్యలారా, కాలువ యెచ్చట మలుపు తిరిగెనో కన్నులార జూచినవారు మీరు. ఈ వేసవి మనుమలను వెంటబెట్టుకొని దాని వెంబడి నడువుడు. పిల్లలు గట్టున తాటిటెంకలు నాటుదురు. పడుచువారు పూడిక దీయుదురు. హద్దు చెప్పవలసిన నోరు మాత్రము మీదే.