దెయ్యాల బారు, సస్పెన్స్ పద్దు

అమెరికాలో కెంటకీ రాష్ట్రం ఉత్తరపు కొసన, లికింగ్ నది ఒడ్డున వైల్డర్ అని ఒక చిన్న ఊరుంది. పక్కన న్యూపోర్ట్, ఓహియో నది దాటితే సిన్సినాటి మహానగరం. బాబీ మాకీ అనే కంట్రీ సంగీత గాయకుడు 1978లో ఈ వైల్డర్‌లో ఒక పాత భవనం కొని పాటలూ డాన్సులూ ఉండే బార్ పెట్టాడు. దాని పేరు బాబీ మాకీస్ మ్యూజిక్ వరల్డ్. అమెరికా మొత్తంలో ఇన్ని దెయ్యాలున్న బార్ ఇంకొకటి లేదని ప్రచారం. భవనం కింద నేలమాళిగలో ఒక బావి, దానికి నరకద్వారం అని బిరుదు. "ఘోస్ట్ అడ్వెంచర్స్" అనే టీవీ సీరియల్ 2008లో తన తొలి ఎపిసోడు ఇక్కడే తీసింది. అలాంటి వీడియోలు ఇప్పుడు మా కాలనీ వాట్సాప్ గుంపులో కూడా తిరుగుతున్నాయి. "ఇది అమెరికా అండీ, వాళ్ళు కూడా ఒప్పుకున్నారు" అని కింద ఒక వ్యాఖ్య. దెయ్యానికి కూడా గ్రీన్‌కార్డు ఉంటేగానీ మనవాళ్ళు నమ్మరు కాబోలు!

నేను భూతవైద్యుణ్ణీ కాను, చరిత్రకారుణ్ణీ కాను. బి.కాం. చదివి, రక్షణశాఖ లెక్కల్లో ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ణి. పద్దు కనిపిస్తే వోచరు ఏదీ అని అడగడం తప్ప వేరే విద్య రాదు. లెక్కల్లో సస్పెన్స్ పద్దు అని ఒకటుంటుంది. ఒక మొత్తం ఏ ఖాతాకు చెందుతుందో తెలియనప్పుడు తాత్కాలికంగా అందులో వేస్తారు. తర్వాత కాగితాలు తెప్పించి, సరైన ఖాతాకు మార్చి, క్లియర్ చెయ్యాలి. మార్చకపోతే అది ఏళ్ళతరబడి అలాగే ఉండిపోతుంది. బాధ్యులెవరో ఎవరికీ తెలీదు, అందరికీ హాయి. ఈ బార్ కథ చదువుతుంటే నాకు అడుగడుగునా ఆ సస్పెన్స్ పద్దే గుర్తొచ్చింది.

ముందు కథ ఏమిటో చూద్దాం. 19వ శతాబ్దంలో అక్కడ పశువుల కబేళా ఉండేదట. నెత్తురు పోవడానికి నేలమాళిగలో బావి తవ్వారట. కబేళా మూతపడ్డాక సైతాను పూజారులు రహస్యంగా ఆ బావి దగ్గర చేరేవారట. 1896లో స్కాట్ జాక్సన్, అలోంజో వాలింగ్ అనే ఇద్దరు పెర్ల్ బ్రయన్ అనే అమ్మాయి తల నరికి, ఆ తలను సైతానుకు నైవేద్యంగా ఈ బావిలో వేశారట. తల ఎక్కడుందో చెబితే ఉరి తప్పిస్తామన్నా, సైతానుకు భయపడి చెప్పలేదట. ఉరికంబం ఎక్కుతూ ఊరిని శపించారట. ఇన్ని 'అట'లు ఉన్న కథకు ఆడిటు అభ్యంతరం రాయడం చాలా సులభం. కానీ ఇందులో ఒక్క పద్దుకు మాత్రం గట్టి వోచర్లున్నాయి. పెర్ల్ బ్రయన్ నిజంగా బతికిన మనిషి, నిజంగానే హతమైంది.

ఆమెది ఇండియానా రాష్ట్రంలో గ్రీన్‌కాజిల్ అనే ఊరు. కలిగిన రైతు కుటుంబం, పెద్ద సంసారం. వయసు ఇరవై దాటి రెండు మూడేళ్ళు. దూరపు బంధువు ఒకడు స్కాట్ జాక్సన్‌ను పరిచయం చేశాడు. జాక్సన్ తర్వాత సిన్సినాటిలో ఓహియో కాలేజ్ ఆఫ్ డెంటల్ సర్జరీలో చేరాడు. వాలింగ్ అక్కడే చదివే అతని గది మిత్రుడు. 1896 జనవరి చివర్లో పెర్ల్ ఇంట్లో ఇండియానాపొలిస్ వెళుతున్నానని చెప్పి సిన్సినాటి వెళ్ళింది. ఆమె గర్భవతి, సుమారు అయిదో నెల. పెళ్ళి కాలేదు. గర్భం తీయించుకోవడం నేరం, ఉంచుకోవడం పరువు తక్కువ. పళ్ళ డాక్టరు చదువు సగంలో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు తప్ప ఆమెకు దారి చూపేవాళ్ళు లేకపోయారు.

1896 ఫిబ్రవరి 1న న్యూపోర్ట్‌కు కొద్ది దూరంలో, ఫోర్ట్ థామస్ దగ్గర ఒక పొలంలో తల లేని స్త్రీ శవం దొరికింది. తల లేకుండా ఎవరని గుర్తుపడతారు? కాళ్ళకున్న బూట్లమీద దుకాణం ముద్ర ఉంది. గ్రీన్‌కాజిల్‌లోని చెప్పుల కొట్టు ముద్ర. పోలీసులు అక్కడికి వెళ్ళి, అమ్మకాల పద్దు పట్టుకుని వెతికితే పెర్ల్ బ్రయన్ పేరు తేలింది. కుటుంబంవాళ్ళు బట్టలు చూసి గుర్తుపట్టారు. ఏ ఆత్మా వచ్చి చెప్పలేదు, ఏ సోదెగత్తే పలకలేదు. ఒక చెప్పుల కొట్టు గుమాస్తా పుస్తకం సరిగా రాసి ఉంచుకోవడంవల్ల ఆ అమ్మాయికి తన పేరు తనకు దక్కింది. నా వృత్తివాళ్ళ గురించి కాస్త గర్వంగా చెబుతున్నాననుకోండి, ఫరవాలేదు.

శవపరీక్షలో కడుపులో కొకైన్ కనిపించింది. చేతులమీద ఎదిరించినప్పుడు తగిలిన కోతలున్నాయి. అక్కడ కారిన నెత్తురునుబట్టి, మెడ కోసేటప్పటికి ఆమె బతికే ఉందని వైద్యులు సాక్ష్యం చెప్పారు. జాక్సన్, వాలింగ్ రోజుల్లోనే అరెస్టయ్యారు. నేరం నువ్వు చేశావంటే నువ్వు చేశావని ఒకరిమీద ఒకరు చెప్పుకున్నారు. అదే ఏడాది విడివిడిగా విచారణ జరిగి ఇద్దరికీ ఉరిశిక్ష పడింది. 1897 మార్చి 20న న్యూపోర్ట్‌లో ఇద్దర్నీ ఒకేసారి ఉరితీశారు. చివరిదాకా తాము నిరపరాధులమనే అన్నారు.

తల మాత్రం దొరకలేదు. దానికోసం కోవింగ్టన్ మంచినీళ్ళ రిజర్వాయరు మొత్తం ఖాళీ చేయించారు. నదిలో పారేశారనీ, మురుగుకాలువలో వేశారనీ రకరకాల అనుమానాలు నడిచాయి. ఇంత వెతుకులాటలో వైల్డర్ బావి ప్రస్తావన లేదు. విచారణలో సైతాను ఊసే లేదు. ఒక రిజర్వాయరును తోడించినవాళ్ళకు ఒక బావి తోడించడం లెక్కా? మరి సైతాను ఎప్పుడొచ్చాడు? 1980లలో, 90ల మొదట్లో అమెరికాను సైతాను భయం పట్టి ఊపింది. కాలిఫోర్నియాలో మెక్‌మార్టిన్ బాలవాడి కేసు ఏళ్ళతరబడి నడిచి, 1990లో ఒక్కరికీ శిక్ష పడకుండానే ముగిసింది. ఆ గాలి వీస్తున్న రోజుల్లోనే ఈ బార్‌మీద పుస్తకం వచ్చింది, భూతాన్ని వదిలించే తంతులు జరిగాయి, కథ టీవీలకెక్కింది. 1896 నాటి పద్దులో 1990ల సిరాతో దిద్దుబాటు చేశారన్నమాట. మా ఆఫీసులో అయితే దీనికి వేరే పేరుండేది.

ఇందులో తమాషా ఏమిటంటే, పెర్ల్ కేసు సాక్ష్యాల్లో నిజంగానే ఒక మద్యం దుకాణం ఉంది. కానీ అది నదికి అవతలి ఒడ్డున, సిన్సినాటిలో. దానికి ఏ దెయ్యమూ అంటలేదు, టికెట్లూ లేవు.

రెండో దెయ్యం పేరు జొహానా. ఈ భవనంలో నైట్‌క్లబ్ ఉన్న రోజుల్లో ఆమె నాట్యకత్తె అట. ఒక గాయకుణ్ణి ప్రేమించి గర్భవతి అయిందట. తండ్రి ఆ గాయకుణ్ణి చంపించాడట, ఆమె విషం తీసుకుందట. ఆమె వస్తే గులాబీ అత్తరు వాసన వేస్తుందట. డాన్సులాడే బార్‌లో అత్తరు వాసన రావడం వింతయితే, కిరాణాకొట్లో ఇంగువ వాసన కూడా వింతే. ఈ జొహానా చావుకు పోలీసు కాగితంగానీ, ఆనాటి పత్రిక వార్తగానీ ఎవరూ చూపించలేదు. బాబీ మాకీ మాత్రం ఆమె పేరుమీద ఒక పాట కట్టాడు. తనకు దెయ్యాలమీద నమ్మకం లేదనే అతను చెబుతూ వచ్చాడు. నమ్మకం ఉండనక్కర్లేదు, గల్లాపెట్టె ఉంటే చాలు.

1993లో ఒక పెద్దమనిషి ఈ బార్ మరుగుదొడ్డిలో తనను దెయ్యం కొట్టిందని కోర్టుకెక్కాడు. వెయ్యి డాలర్లు నష్టపరిహారం అడిగాడు. కోర్టు కేసు కొట్టేసింది. దెయ్యాల చర్యలకు యాజమాన్యం బాధ్యత వహించదని బార్ గుమ్మం దగ్గర బోర్డు వెలిసింది. ఇది భయపడి పెట్టిన బోర్డు అనుకునేవాళ్ళు వ్యాపారం తెలియనివాళ్ళు.

అసలు ఆ ప్రాంతానికి చీకటి చరిత్ర లేదని నేననడంలేదు. దండిగా ఉంది. ఇదే భవనంలో మాకీకి ముందు ప్రిమ్‌రోజ్ క్లబ్ అనే జూదశాల ఉండేది. యజమాని బక్ బ్రేడీ. 1946లో రెడ్ మాస్టర్సన్ అనే ముఠావాడిమీద కాల్పులు జరిగాక, క్లీవ్‌లాండ్ సిండికేట్ అనే జూదగాళ్ళ ముఠా బ్రేడీని పక్కకు తప్పించి క్లబ్బు తీసుకుంది. దానికి లాటిన్ క్వార్టర్ అని పేరు పెట్టారు. న్యూపోర్ట్ చుట్టుపక్కలంతా ఆనాడు జూదం, వ్యభిచారం, మామూళ్ళు తినే పోలీసులు. 1961లో జార్జ్ రాటర్‌మన్ అనే మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు దీన్ని ఊడుస్తానని షెరీఫ్ పదవికి నిలబడ్డాడు. అతనికి మత్తుమందు పెట్టి, ఒక క్లబ్బు నర్తకి పక్కన పడుకోబెట్టి, పోలీసులచేత పట్టించారు. రక్తపరీక్షలో క్లోరల్ హైడ్రేట్ బయటపడింది. కేసు వీగిపోయింది, అతను గెలిచాడు, జూదశాలలు మూతపడ్డాయి. ఈ కథలో వణుకు పుట్టించేది చాలా ఉంది. కానీ పర్యాటకులు దీనికి రారు, ఎందుకంటే ఇందులో దోషులకు పేర్లూ హోదాలూ ఉన్నాయి.

ఇదే కౌంటీలో, కొద్ది మైళ్ళ దూరాన సౌత్‌గేట్‌లో బెవర్లీ హిల్స్ సప్పర్ క్లబ్ ఉండేది. 1977 మే 28 రాత్రి నిప్పంటుకుని 165 మంది చనిపోయారు. స్ప్రింక్లర్లు లేవు, ప్రమాద గంట లేదు, పాటకచేరీ హాల్లో పట్టనంత జనం. వాల్టర్ బెయిలీ అనే 18 ఏళ్ళ కుర్రాడు, బల్లలు తుడిచే పనివాడు, వేదికెక్కి మైకు అందుకుని అందర్నీ బయటికి పొమ్మన్నాడు. వందలమంది బతికారు. ఇప్పుడు ఆ స్థలంలో కూడా దెయ్యాలున్నాయని చెప్పుకునేవాళ్ళున్నారు. ముంబయిలో కమలా మిల్స్ ఆవరణలోని పబ్బులో 2017 డిసెంబరులో అగ్నిప్రమాదం జరిగి 14 మంది పోయారు. అక్కడ కూడా ఇంకో ఇరవై ఏళ్ళకు తెల్లచీర కనిపిస్తుందని చెప్పేవాళ్ళు బయల్దేరితే నేను ఆశ్చర్యపోను. అప్పటికి అత్యవసర ద్వారం సంగతి ఎందరికి గుర్తుంటుంది?

మళ్ళీ ఆ రెండు దెయ్యాల దగ్గరికి వద్దాం. ఒకటి నిజం మనిషి, ఒకటి కల్పన. కానీ ఇద్దరూ పెళ్ళికాని గర్భవతులే. ఇది కాకతాళీయం కాదని నా ఉద్దేశం. ఉత్తరాదిలో చుడైల్ అంటే గర్భంతోనో కాన్పులోనో పోయిన ఆడది. మన పల్లెల్లో పురిట్లో పోయినామె, బావిలో పడి పోయినామె కామినీ దెయ్యమై తిరుగుతారని చెప్పి పిల్లల్ని బెదిరించేవారు. నుయ్యో గొయ్యో చూసుకుంటాననే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. ఊరికొక దెయ్యాల బావి ఉండేది. ఆమె ఆ బావిదాకా ఎందుకు నడిచింది, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు, మంత్రసాని వచ్చిందా, ఆసుపత్రి ఎంత దూరం, ఇవి అడిగినవాడు లేడు. చిన్నప్పుడు నేను విన్న దెయ్యం కథల్లో ఎన్నడూ ఒక భర్తకుగానీ అత్తకుగానీ ఊరి పెద్దకుగానీ పేరుండేది కాదు. చచ్చిపోయినామెకు ఒక్కతెకే పేరు.

మనదేశంలో 1971లో గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2001-03లో 301 ఉండగా, 2018-20 నాటికి 97కి దిగాయి. ప్రతి తల్లి చావుకూ కారణం రాయాలని పట్టుబట్టినచోట ఈ పని జరిగింది, మండపం వేసి శాంతి చేయించినచోట కాదు. పెర్ల్ చనిపోయిన కెంటకీలో, 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తన పాత తీర్పు రద్దు చెయ్యగానే గర్భవిచ్ఛిత్తి దాదాపు పూర్తిగా నిషిద్ధమైపోయింది. దెయ్యాల వేటకు కెమెరాలు పట్టుకుని వెళ్ళిన బృందాలు ఈ విషయం మాట్లాడగా నేను వినలేదు. ఆమె తల గురించే వాళ్ళ తాపత్రయమంతా.

1896లోనే హత్యాస్థలానికి జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చి, నెత్తుటి మరకలున్న ఆకులూ కొమ్మలూ గుర్తుగా విరుచుకుపోయారు. గ్రీన్‌కాజిల్‌లోని ఫారెస్ట్ హిల్ శ్మశానంలో పెర్ల్ సమాధి ఉంది. దానిమీది రాతిని కూడా వచ్చినవాళ్ళు చెక్కుకుని చెక్కుకుని పట్టుకుపోగా చివరికి అడుగు దిమ్మె మిగిలింది. ఇప్పటి సందర్శకులు ఆ దిమ్మెమీద ఒక్క సెంటు నాణేలు పెడతారు, లింకన్ బొమ్మ పైకి ఉండేలా. తీర్పు దినాన ఆమె లేచినప్పుడు తల ఉండాలని.